హార్టిగన్ గారి కిటికీలు

ఆ మంగళవారం అసంప్టా క్విల్టీ పెట్టుకున్న పని చిన్నదే. నగర కౌన్సిల్ నుంచి పాత కట్టడాల అధికారి వచ్చేలోగా ఆఫీసులో వీధి వైపు కిటికీల మడత తలుపులన్నీ కదిలేలా చెయ్యాలి. వంటింటి చాకూ, సబ్బు ముక్కా, పాత బ్రష్షూ సంచిలో వేసుకుంది. మరకలు పడినా బాధ లేని బట్టలేమున్నాయా అని బీరువా అంతా వెతికి, అత్తగారు పోయినప్పుడు కుట్టించుకున్న నల్ల గౌను తగిలించుకుంది. గుడ్డు ఉడకబెట్టుకొమ్మని భర్తకు చెప్పి, తుంపరలో తడుస్తూ బయలుదేరింది.

ఆఫీసంటే లిమరిక్‌లో, షానన్ నది వైపు దిగే వీధిలో, ఎర్ర ఇటుక ఇళ్ళ వరసలో ఒక ఇల్లు. జార్జి పేరున్న రాజులు ఒకరి తర్వాత ఒకరు ఏలిన కాలంలో ఒక వెన్న వ్యాపారి కట్టించాడు. వీధి తలుపు మీద విసనకర్రలా విచ్చుకున్న అద్దం. మొదటి అంతస్తులో మనిషి ఎత్తు దాటిన కిటికీలు. అక్కణ్ణుంచి పైకి పోయేకొద్దీ అవి చిన్నవవుతూ, చిట్టచివర పిల్లి తల పెట్టి చూసేంతకు వస్తాయి. విందులు చేసుకునేవాళ్ళకు పెద్ద కిటికీలు, పిల్లలకూ పనివాళ్ళకూ చిన్నవి చాలునని కట్టినవాళ్ళ ఉద్దేశం.

ఇంటి యజమాని డాక్టర్ ఇగ్నేషియస్ హార్టిగన్ ఆ పెద్ద కిటికీల గదిలోనే పుట్టాడు. పళ్ళ డాక్టరై అదే గదిలో కుర్చీ వేయించుకుని, ఊళ్ళో సగం మంది పళ్ళు పీకాడు. పని మానేశాక కింది అంతస్తులు లేహీ లాయర్లకు అద్దెకిచ్చి తను పై అంతస్తుకు చేరుకున్నాడు. వయసు పెరిగేకొద్దీ ఆయనకు మెట్లు పెరిగాయి, కిటికీలు తగ్గాయి. "ఇంకో అంతస్తు ఉంటే నాకు కిటికీయే దక్కేది కాదు," అనేవాడు, ఛాతీ మీదికి దిగిన తెల్లగడ్డం సవరించుకుంటూ. ఆ గడ్డం, ఆ ఇల్లు, రెండూ ఊరికి గుర్తులే. ఈ మధ్య రెండింటికీ మరమ్మతు కరువైంది.

వానొస్తే పైకప్పు కారుతోంది. గాలొస్తే కిటికీలు పళ్ళు కొరుకుతున్నాయి. డాక్టరు గారు విసిగిపోయి, హోటల్ కట్టే ప్రెండర్‌గాస్ట్ అనే ఆయనకు ఇల్లు అమ్మేస్తానన్నాడు. కాగితాల మీద సంతకం ఆ సాయంత్రమే. లాయరు ఫింటన్ లేహీకి అంతకన్నా కావలసింది లేదు. రేవు దగ్గర కొత్తగా లేచిన గాజు భవనంలో అతను ఆఫీసు చూసుకున్నాడు కూడా. అక్కడ లిఫ్టుంది. గుమ్మంలో వచ్చినవాళ్ళ పేరడిగి కూర్చోమనే తెర ఒకటుంది. ఆ తెర చేసే పని ఇక్కడ అసంప్టా చేస్తోంది.

"నీకూ ఏదో ఒకటి చూద్దాంలే," అన్నాడు ఫింటన్, ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

ఫింటన్ స్కూలు సంచి తగిలించుకుని వాళ్ళ నాన్న కోసం ఈ హాల్లో ఎదురుచూసే రోజుల నుంచీ అసంప్టా ఇక్కడే ఉంది. అతను కళ్ళలోకి చూడకుండా మాట్లాడితే దాని అర్థమేమిటో ఆవిడకు తెలుసు. అందుకే కౌన్సిల్‌కు తనే ఫోన్ చేసింది. ఓర్లా ట్వూమీ అనే అధికారి ఓపిగ్గా మాట్లాడింది. పాత మడత తలుపులు అన్నీ ఉండి, అన్నీ పనిచేస్తుంటే కిటికీల మరమ్మతుకు గ్రాంటు వచ్చే వీలుందని చెప్పింది. గ్రాంటు వస్తే అమ్మకం సంగతి మళ్ళీ ఆలోచిస్తానని డాక్టరు గారు ఒప్పుకున్నాడు. అధికారి ముందు కాస్త మనిషిలా కనబడమని కూడా అసంప్టా ఆయనకు చెప్పింది. చెప్పి మరిచిపోయింది.

ఆఫీసు చేరేసరికి వీధి తలుపుకు నిన్న సాయంత్రం వేయించిన రంగు ఇంకా ఆరలేదు. మూస్తే చట్రానికి అతుక్కుంటుందని బార్లా తెరిచి, లా పుస్తకం ఒకటి అడ్డం పెట్టింది. తర్వాత చాకు తీసుకుని కిటికీల పని పట్టింది. ఈ ఇళ్ళలో కిటికీలకు తలుపులు లోపలి వైపు ఉంటాయి. పగలు గోడలోని పెట్టెలోకి మడతపడి కూర్చుంటాయి, రాత్రి విప్పి ఇనుప గడియ అడ్డం వేస్తారు. తాతల కాలం నుంచి ఎవరూ విప్పక, పొరల మీద పొరలుగా రంగు పూసి పూసి, అవి గోడలో కలిసిపోయాయి. అసంప్టా రంగు గీకింది, బందులకు సబ్బు రాసింది, బతిమాలింది, తిట్టింది. ఒక్కొక్కటే కిర్రుమంటూ బయటికి వచ్చింది.

దుమ్ము మేఘంలా లేచింది. హాల్లోని నిలువు గడియారంలోకి పోతే పాడవుతుందని దాని లోలకం ఆపేసింది. పెద్ద అద్దానికి దుప్పటి కప్పింది. మడత తలుపులు విప్పినవి విప్పినట్టే మూసి గడియలు వేసుకుంటూ పోయింది, మళ్ళీ తెరవడం చివర్లో చూసుకోవచ్చని. చివర్లో చూసుకుంటే ఒక్క గడియా పైకి లేవలేదు. లాగింది. వేలాడింది. బూటు విప్పి కొట్టింది. వడ్రంగికి ఫోన్ చేస్తే మధ్యాహ్నం భోజనం అయ్యాక వస్తానన్నాడు. అసంప్టా దుమ్ముకు ఎర్రబడిన కళ్ళు తుడుచుకుంటూ, నల్ల గౌనులో, చీకటి హాల్లో కుర్చీ మీద కూలబడింది.

వీధివైపు కిటికీలన్నీ పట్టపగలు మూసి, తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంటే లిమరిక్‌లో దానికి అర్థం ఒక్కటే. ఆ ఇంట్లో ఎవరో పోయారు, లోపలికి రావచ్చు అని. ఇక గడియారం కూడా ఆపి, అద్దానికి గుడ్డ కూడా కప్పి ఉంటే అడగాల్సిన పనే లేదు. ఈ సంగతులన్నీ అసంప్టా తల్లి దగ్గర నేర్చుకున్నవే. కానీ ఇంటిని ఆవిడ లోపలి నుంచి చూస్తోంది.

బయటి నుంచి చూసింది ఎదురుగా కాఫీ దుకాణం నడిపే బ్రీదా మలోనీ. చేతిలో కప్పు కౌంటర్ మీద పెట్టేసి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, ఏప్రన్ విప్పి రోడ్డు దాటింది. హాల్లోకి వచ్చి, ఆగిన గడియారాన్నీ ముసుగేసిన అద్దాన్నీ చూసి, అసంప్టా రెండు చేతులూ పట్టుకుంది.

"నాకు ఒక్క మాట చెప్పలేదేమే?"

అసంప్టా చేతులు వెనక్కి తీసుకుంది. అమ్మకం సంగతి వీధికి తెలిసిపోయిందన్నమాట. "ఎవరు చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పాలా? నాకు కళ్ళు లేవా?"

పోయిన వారం ప్రెండర్‌గాస్ట్ టేపు పట్టుకుని ఇల్లంతా కొలవడం బ్రీదా చూసే ఉంటుంది. అసంప్టా తలూపింది. "ఇంత తొందరగా అవుతుందనుకోలేదు బ్రీదా."

"ఎవరనుకుంటారు? కానీ పెద్దవాడేగా. ఆ మెట్లు ఎక్కలేక ఎక్కలేక ఎక్కేవాడు. ఒక రకంగా ఆయనకు సుఖమే."

"ఆయనకు సుఖమే. నా సంగతేమిటి? నా వయసంతా ఈ హాల్లోనే గడిచిపోయింది."

బ్రీదా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అసంప్టాకు ఆయనంటే ఇంత ప్రాణమని ఆవిడకు ఇప్పుడే తెలిసింది. "ఫింటన్‌కు తెలుసా మరి?"

"తెలియకపోవడమేమిటి, అన్నీ వాడే ముందుండి నడిపిస్తుంటే. అప్పుడే సామాను కూడా సర్దేస్తున్నాడు."

"అప్పుడేనా?" బ్రీదా ముక్కున వేలేసుకుంది. "వాడి పాలపళ్ళు కూడా ఆయనే పీకాడు కదే. ఆమాత్రం విశ్వాసం లేదూ."

"నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు. సాయంత్రం దాకా ఏదీ ఖాయం కాదు."

పాపం, ఇంకా నమ్మలేకపోతోంది పిచ్చిది, అనుకుంది బ్రీదా. మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా. ఎవరితోనూ ఏమీ అనలేదు. దుకాణానికి వెళ్ళి శాండ్‌విచ్‌లు చెయ్యడం మొదలుపెట్టిందంతే. పెద్ద కత్తి తీసుకుని, ముక్కు చీదుకుంటూ, రొట్టె తర్వాత రొట్టె కోసి గుడ్డూ పంది మాంసమూ పెడుతుంటే, ఎందుకని అడిగేవాళ్ళు అడుగుతారు. అబద్ధం చెప్పడం పాపం. అందుకని కత్తితో ఎదురింటి వైపు చూపించి ఊరుకుంది.

అలా అడిగినవాళ్ళలో ఊళ్ళో రేడియో స్టేషన్‌లో పొద్దుటి కార్యక్రమం నడిపేవాడు ఒకడు. రోజూ ఆ వేళకు కాఫీ కోసం వస్తాడు. వాడు బాధ్యత తెలిసినవాడు. ఇంటివాళ్ళు ఇంకా ప్రకటించని విషయం గనుక పేరు చెప్పకుండా, గొంతు తగ్గించి ఇలా అన్నాడు: "మనలో సగం మంది నోరు లోపల ఎలా ఉంటుందో తెలిసిన ఒక పెద్దమనిషి ఇక లేరని వింటున్నాం. ఆయన ఇంటి తలుపులు తెరిచే ఉన్నాయి. మనల్ని తెరవమన్న నోటికి ఈ రోజు సెలవు." తర్వాత ఫిడేలు పాట ఒకటి వేశాడు.

అసంప్టా నేలమాళిగలో పలుగు లాంటిదేమైనా దొరుకుతుందేమోనని వెతికి పైకి వచ్చేసరికి హాల్లో ఒక ముసలి దంపతులు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక పోస్టాఫీసు మనిషి. అతని వెనక, గుమ్మం బయట, గొడుగులు. ముసలాయన టోపీ తీసి ఆవిడ చెయ్యి పట్టుకుని రెండుసార్లు ఊపాడు.

"నీకొచ్చిన కష్టానికి చాలా విచారంగా ఉందమ్మా."

చావింట్లో తప్ప ఎక్కడా అనని మాట అది. అసంప్టా ఆయన్ను చూసింది. గొడుగుల్ని చూసింది. దుప్పటి కప్పిన అద్దాన్నీ, ఆగిన గడియారాన్నీ, తన నల్ల గౌనునూ చూసుకుంది. 

"అయ్యో, లేదండీ, అది దుమ్ముకని..."

"మనమంతా దుమ్మే తల్లీ," అన్నాడు ముసలాయన.

"అది కాదు. ఎవరూ పోలేదండీ."

ముసలావిడ భర్తను చూసి కళ్ళతోనే ఏదో చెప్పి, అసంప్టా వీపు నిమిరింది. "మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇలాగే అన్నాను. డాక్టరు గారు పోయారని రేడియోలో కూడా చెప్పేశారమ్మా."

రేడియోలో ఎలా చెప్పారు? అసంప్టా మెట్లెక్కింది. పై అంతస్తుదాకా ఆగకుండా ఎక్కింది. నిజానికి పొద్దుటి నుంచీ డాక్టరు గారి అడుగుల చప్పుడు వినలేదు. గది తలుపు తట్టింది. "డాక్టరు గారూ. నేను, అసంప్టాని." మళ్ళీ తట్టింది. లోపల తాళం వేసినట్టుంది, చప్పుడు లేదు. రేడియో సంగీతం లేదు, దగ్గు లేదు. ఆ తలుపు ముందు నిలబడి ఉండగా ఆవిడకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఊరంతటికీ తెలిసింది తనకే తెలియలేదేమో. కిటికీలు గీకుతూ, సబ్బు రాస్తూ, పైన మనిషి ఎలా ఉన్నాడో ఒక్కసారి చూడను కూడా చూడలేదు.

సగం మెట్ల దగ్గర ఫింటన్ ఎదురొచ్చాడు, టై సరిచేసుకుంటూ. "ఎప్పుడు పోయారు? నాకు ఒక క్లయింటు ఫోన్ చేసి చెప్పాలా? నువ్వు చెప్పొద్దూ?"

"నాకేం తెలుసు ఫింటన్? తలుపు తియ్యట్లేదు."

"తియ్యకపోతే మరి..." ఫింటన్ ఆగాడు. "అంటే నువ్వు చూడలేదా? అయితే రేడియో వాళ్ళకు ఎవరు చెప్పారు?"

"ఆస్పత్రి వాళ్ళేమో."

"ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటే అంతే అయ్యుంటుంది. ఏమైనా నిజం తేల్చుకోవాలి. తలుపు పగలగొడదామా?"

"రక్షిత కట్టడం. అనుమతి లేకుండా తలుపు పగలగొడితే నేరమని నువ్వే కదా అంటావు. పైగా కౌన్సిల్ ఆవిడ వచ్చే వేళ."

ఫింటన్ లాయరు. ఆ మాటకు చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే సంగీతం వినిపిస్తూ ఆగమన్నారు. ఫోన్ చెవికి పెట్టుకుని అతను కిందికి చూశాడు. హాలంతా జనం. చాలామంది అతని క్లయింట్లే. అందరి మొహాలూ అతని వైపే తిరిగాయి. వాటిలో ఒక్కటీ స్నేహంగా లేదు. బ్రీదా అప్పుడే శాండ్‌విచ్‌ల పళ్ళేలు మోసుకొచ్చింది. ఆవిడ ఎవరితోనూ ఏమీ అనలేదు గానీ, ఫింటన్ సామాను సర్దేస్తున్న సంగతి ఎలాగో ఆవిడకన్నా ముందే హాల్లోకి చేరింది.

"ఒంట్లో వేడి చల్లారక ముందే పెట్టెలు కడుతున్నాడట," అని ఒక గొంతు వినిపించింది.

ఫింటన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మెట్ల కటకటాల మీద చెయ్యి వేసి గొంతు సవరించుకున్నాడు. తండ్రి వారసత్వంగా అతనికి మంచి గొంతు వచ్చింది, ఎక్కడ ఆపాలో మాత్రం రాలేదు.

"మిత్రులారా. డాక్టర్ హార్టిగన్ మాకు ఇంటి యజమాని మాత్రమే కాదు. మా నాన్నగారికి ప్రాణ స్నేహితుడు. ఈ ఇల్లు ఆయన, ఆయన ఈ ఇల్లు. మేం వెళ్ళిపోతున్నామని ఎవరో అంటున్నట్టు విన్నాను." హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం అతన్ని ఇంకొంచెం ముందుకు తోసింది. "ఆయన జ్ఞాపకం సాక్షిగా చెబుతున్నాను. నేను బతికుండగా లేహీ లాయర్లు ఈ గుమ్మం దిగరు."

చప్పట్లు కొట్టే సందర్భం కాదు గనుక జనం ముక్కులు చీదారు. అసంప్టా అతని వైపు నోరు తెరుచుకుని చూసింది. ఫింటన్ కూడా తన నోట్లోంచి వచ్చిందేమిటో అప్పుడే విన్నట్టు కనిపించాడు.

వరస మెల్లగా మొదటి అంతస్తుకు ఎక్కడం మొదలుపెట్టింది. ఎవరూ పిలవలేదు, దారి చూపలేదు. చిన్నప్పుడు భయంతో ఎక్కిన మెట్లు గనుక కాళ్ళే తీసుకెళ్ళాయి. ఒకప్పటి ఆ పళ్ళ కుర్చీ గది ఇప్పుడు ఫింటన్ గది. మూసిన కిటికీల వల్ల చీకటిగా ఉంది. మేజా మీద ఒక్క దీపం వెలుగుతోంది. అయినా వచ్చినవాళ్ళు వచ్చినట్టు తలలెత్తారు.

"ఆ పక్షి ఇంకా ఉందా?" అంది పోస్టాఫీసు మనిషి భార్య.

గది కప్పు నిండా సున్నంతో చేసిన పళ్ళ బుట్టలూ, తీగలూ, పక్షులూ ఉన్నాయి. మధ్య పక్షికి ముక్కు లేదు. ఎప్పుడో ఒక విందులో సీసా బిరడా ఎగిరి తగిలిందని కథ. డాక్టరు గారు పిల్లలకు మాత్రం వేరే చెప్పేవాడు. "చూశావా దాన్ని? పన్ను పీకేటప్పుడు కదిలింది." ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుని, కదలకుండా, ఊరు ఊరంతా ఆ పక్షిని చూస్తూ పెరిగింది.

"ద్రాక్ష గుత్తిలో పళ్ళెన్నో ఇప్పటికీ చెబుతాను," అన్నాడు ఒకాయన. "నాది మొండి దవడ పన్ను. చాలాసేపు పట్టింది."

"నాకు పెళ్ళి ఇక్కడే కుదిరింది," అంది ఇంకొకావిడ. "వెయిటింగ్ గదిలో. ఇద్దరి బుగ్గలూ వాచి ఉన్నాయి. అంతకన్నా అందంగా మా ఆయన మళ్ళీ ఎప్పుడూ కనబడలేదు."

వరసలో రెయిన్‌కోటు వేసుకున్న ఒక అమ్మాయి ఇదంతా వింటూ, అడుగుతూ, మళ్ళీ వింటూ వస్తోంది. అసంప్టా దగ్గరకు చేరగానే చెయ్యి పట్టుకుంది. "మీ కష్టానికి విచారంగా ఉందండీ. నేను ఓర్లా ట్వూమీని, కౌన్సిల్ నుంచి. ఇలాంటప్పుడు వరస దాటి రావడం బాగుండదని వెనక నిలబడ్డాను."

"కిటికీల తలుపులు అన్నీ ఉన్నాయమ్మా," అంది అసంప్టా నీరసంగా. "అన్నీ కదిలాయి. ఒకసారి."

ఓర్లా ఏదో అనబోతుండగా, వెనక నుంచి ఒక లావుపాటి మనిషి జనాన్ని భుజంతో తోసుకుంటూ వచ్చాడు. ప్రెండర్‌గాస్ట్. నల్ల టై ఎక్కడో సంపాదించి కట్టుకున్నాడు. ఫింటన్ చెవిలో గుసగుసగా మొదలుపెట్టాడు గానీ, విందుల కోసం కట్టిన గది అది, గుసగుస కూడా నాలుగు మూలలకూ వినబడుతుంది.

"పాపం మంచివాడు. వారసులెవరో త్వరగా చూడు. మా ప్లానులో మార్పేమీ లేదు. ఈ గదిని రెండు చేస్తాం. కప్పు మరీ ఎత్తు, వేడంతా పైకే పోతుంది. దీని కింద ఇంకో కప్పు వేసి లైట్లు పెట్టేస్తాం."

గదిలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"మరి పక్షి?" అంది పెళ్ళి కుదిరినావిడ.

"ఏ పక్షి?" అన్నాడు ప్రెండర్‌గాస్ట్.

అంతకన్నా చెడ్డ మాట ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. పక్క జనం ఆయన చుట్టూ జాగా వదిలి కొంచెం కొంచెంగా వెనక్కి జరిగారు. ఆ ఖాళీలోంచి ఒక ముసలాయన ముందుకు వచ్చాడు. గడ్డం నున్నగా గీయించుకున్నాడు, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు, బుగ్గలు పొద్దుటి చలికి గులాబీరంగులో ఉన్నాయి. అసంప్టా ముందు ఆగి, టోపీ తీసి, చెయ్యి పట్టుకున్నాడు.

"నీకొచ్చిన కష్టానికి చాలా విచారంగా ఉంది అసంప్టా. వరసలో అడిగితే బాగుండదని ఊరుకున్నాను. ఎవరమ్మా పోయింది? ఫింటన్ అనుకున్నాను గానీ, ఇక్కడే ఉన్నాడే."

ఆ గొంతు వినగానే అసంప్టా ఆయన చేతిని రెండు చేతులా పట్టుకుంది. "మీరండీ," అంది.

"నేనా?" డాక్టర్ హార్టిగన్ కాసేపు ఆలోచించాడు. "నాకెవరూ చెప్పలేదే."

"మీ గది తలుపు..."

"తాళం వేసుకెళ్ళాను. వీధి తలుపు రంగు ఆరలేదని నేలమాళిగ మెట్లలోంచి వెనక సందుకు దిగాను. మనిషిలా కనబడమన్నావుగా. మంగలి దగ్గర జనం ఉన్నారు. వచ్చేసరికి మన గుమ్మంలో ఈ వరస. వరసలో అందరూ ఎవరో పళ్ళ డాక్టర్ని ఒకటే పొగడడం. నొప్పి తెలియనిచ్చేవాడు కాదట, చెయ్యి దూదిలా ఉండేదట. నాకు పోటీగా ఈ ఊళ్ళో ఇంత మంచివాడున్నాడని తెలియక కొంచెం కుళ్ళుకున్నాను కూడా."

అప్పటికి జనం గుర్తుపట్టారు. గడ్డం లేకపోయినా, నోటి దగ్గర వంగి చూసిన ఆ కళ్ళు ఎవరూ మరిచిపోలేదు. ఒకావిడ కుర్చీలో కూలబడింది. పోస్టాఫీసు మనిషి శిలువ గుర్తు వేసుకున్నాడు. బ్రీదా పళ్ళెం పట్టుకుని గుమ్మంలో రాయిలా నిలబడిపోయింది. డాక్టరు గారు ఆవిడ పళ్ళెంలోంచి గుడ్డు శాండ్‌విచ్ ఒకటి తీసుకుని, కొరికి, గదంతా కలయజూశాడు.

"ఇక్కడింత చీకటేమిటి? కిటికీలెవరు మూశారు?"

"నేనేనండీ. గడియలు లేవట్లేదు."

"ఎలా లేస్తాయి? మా నాయనమ్మ దొంగల భయానికి చేయించిన గడియలవి." ఆయన కిటికీ దగ్గరకు వెళ్ళి, గడియ కింద చెయ్యి పెట్టి, కనబడని మీట ఏదో బొటనవేలితో నొక్కాడు. ఇనుప గడియ నిశ్శబ్దంగా పైకి లేచింది. మడత తలుపులు సబ్బు నున్నదనానికి జారి గోడలో ఒదిగిపోయాయి. ఒక కిటికీ, రెండో కిటికీ, మూడోది. బయట వాన వెలిసింది. నది మీద నుంచి వచ్చిన వెలుతురు గదిలోకి నిలువునా పడి, కప్పు మీదికి పాకింది. ద్రాక్ష గుత్తులకు నీడలొచ్చాయి. ముక్కులేని పక్షి రెక్క విదిల్చినట్టనిపించింది.

గదిలో ప్రతి ఒక్కరూ తలెత్తి నోరు తెరిచారు.

డాక్టర్ హార్టిగన్ ఆ తెరిచిన నోళ్ళన్నిటినీ ఒకసారి చూసుకున్నాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది. "ఇంకొంచెం పెద్దగా," అన్నాడు.

నవ్వు మొదట ఎవరి దగ్గర మొదలైందో తెలియదు. మెట్ల మీద వరసలో ఉన్నవాళ్ళు కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వారు. అసంప్టా నవ్వుతూ ఏడ్చింది. ప్రెండర్‌గాస్ట్ ఒక్కడే గడియారం చూసుకుని, అయితే సంతకం సాయంత్రానికే కదా అని అడిగాడు.

"పొద్దున్నే పోయినవాణ్ణి, సాయంత్రం సంతకం ఎలా పెడతానండీ," అన్నాడు డాక్టరు గారు. తర్వాత నవ్వు ఆపి, కొంచెం మెల్లగా అన్నాడు: "ఈ ఇల్లు నా ఒక్కడిదే అనుకుని మోయలేక అమ్ముదామనుకున్నాను. ఇంతమంది ఇందులో పళ్ళు వదిలి వెళ్ళారన్న సంగతి మరిచిపోయాను."

"రక్షిత కట్టడంలో రెండో కప్పు కూడా కుదరదు లెండి," అంది ఓర్లా, ప్రెండర్‌గాస్ట్‌తో, తడిసిన రెయిన్‌కోటు గుండీలు విప్పుతూ. ఆయన నల్ల టై విప్పి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఓర్లా అసంప్టా వైపు తిరిగింది. "మడత తలుపులు పనిచేస్తున్నాయి, చూశాను. కిటికీలకు రాస్తాను. కానీ ఈ గది జనం చూడ్డానికి తెరిచి ఉంచితే ఈ గది కప్పుకూ ఇంటి పైకప్పుకూ కూడా అడగొచ్చు. శనివారాలు చాలు. ఎవరైనా దగ్గరుండి కథలన్నీ చెప్పాలి. ఎవరైనా ఉన్నారా?"

"ఉంది," అన్నాడు డాక్టరు గారు.

అసంప్టా ఫింటన్ వైపు చూసింది. అతను కప్పు వైపు చూస్తున్నాడు. జేబులో ఫోన్‌లోంచి ఆస్పత్రి సంగీతం సన్నగా వినబడుతోంది.

"గాజు భవనం వాళ్ళకు ఏం చెప్పమంటావు?" అని అడిగింది.

"నేను బతికుండగా వెళ్ళనని ఇంతమంది ముందు అన్నాను కదా," అన్నాడు ఫింటన్ నీరసంగా. "బతికే ఉన్నానని చెప్పు."

శాండ్‌విచ్‌లు అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు. నేలమాళిగలో పాత టీ కెటిల్ దొరికింది. ఎవరో ఫిడేలు తెచ్చారు. చావింటికని వచ్చి మనిషి బతికున్నాడని వెంటనే వెళ్ళిపోతే ఏం బాగుంటుంది. వడ్రంగి భోజనం చేసి వచ్చి, చెయ్యడానికి పనేమీ లేక, ఇంకోసారి భోంచేశాడు. మర్నాడు రేడియోలో ఆ బాధ్యత తెలిసినవాడు, నిన్న చెప్పిన పెద్దమనిషి విషయంలో తొందరపడ్డామనీ, ఆయన నోరు ఇంకా బాగానే పనిచేస్తోందనీ ప్రకటించాడు. ఆయన ఆత్మశాంతి కోసమని జనం తెచ్చిచ్చిన ప్రార్థన కార్డులు తిరిగి ఇచ్చేద్దామని అసంప్టా అంటే డాక్టరు గారు ఒప్పుకోలేదు. ఎప్పటికైనా పనికొస్తాయని పక్షి కింద, పొయ్యి గూటి మీద వరసగా పేర్పించాడు. శనివారం చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు వాటినే చదువుతారు.

అప్పటి నుంచి సాయంత్రాలు మడత తలుపులు మూసేముందు అసంప్టా డాక్టరు గారిని పెద్ద కిటికీ దగ్గర నిలబెట్టి, ఎదురు దుకాణంలోంచి బ్రీదా చూసి చెయ్యి ఊపేదాకా ఆయన చేత చెయ్యి ఊపిస్తోంది.